పోయొస్తం

ఆ ఏడు బతుకమ్మకు మాకు హాలు దొరకలేదు. దొరకలేదనడం కంటే ఎవరూ అడగలేదనడం సరైన మాట. అంతకుముందు హాలు మాట్లాడినవాళ్ళు, మైకు తెచ్చినవాళ్ళు, పిల్లలకు బహుమతులు పంచినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొందరు లండన్‌కు, కొందరు హైదరాబాదుకు. అది రెండువేల పదో సంవత్సరం, మాంద్యం కాలం. డబ్లిన్‌లో ఎవరు ఎదురైనా ఉద్యోగం ఉందా అని ముందు కళ్ళతో అడిగి, బాగున్నారా అని తరువాత నోటితో అడిగే రోజులు.

హాలు లేనందుకు నాకేమీ బాధ కలగలేదు. ఆ హాలు బతుకమ్మ మీద నాకు మొదటి నుంచీ చిన్నచూపే. ప్లాస్టిక్ బంతిపూలను థర్మాకోల్ గోపురానికి గుండుసూదులతో గుచ్చేవారు. ఆట అయ్యాక అట్టపెట్టెలో పెట్టి, మళ్ళీ ఏడాదికి దుమ్ము దులిపి తీసేవారు. నీళ్ళలో వదలని బతుకమ్మ ఏం బతుకమ్మ అని నేనంటే, "వేణక్క మస్తు స్ట్రిక్టు" అని నవ్వేవారు. జగిత్యాలలో మా ఇంట్లో ఏ పువ్వు మీద ఏ పువ్వు వరుస రావాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తప్పుగా పేరిస్తే అమ్మ ఏమీ అనేది కాదు. మొత్తం విప్పి మళ్ళీ మొదటి నుంచి పేర్చేది. ఆ అలవాటు నాకు వచ్చింది.

ఈసారి నిజం పూలతో పేరుద్దామన్నది వసుంధర. ఆమెది బోధన్. శాండీఫోర్డ్‌లో అద్దె ఫ్లాటు. భర్త అచ్యుత్ పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసును ఆ వేసవిలో మూసేశారు. వెతికినన్నాళ్ళు ఇంకో ఉద్యోగం వెతికి, చివరికి ముగ్గురికీ హైదరాబాదుకు టికెట్లు తీసుకున్నారు. మేము ఆడుకోవాలనుకున్నది శనివారం. వాళ్ళ విమానం సోమవారం.

శుక్రవారం సామాన్లు సర్దడంలో సాయం చేద్దామని మేముండే టాలట్ నుంచి బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. శాండీఫోర్డ్‌లో కట్టడం మధ్యలో ఆపేసిన పెద్ద భవనం ఒకటి ఎముకల గూడులా నిలబడి ఉండేది. దాని పైన క్రేను నెలల తరబడి ఒకే దిక్కుకు చూస్తూ ఉండిపోయింది. ఆఫీసులన్నింటికీ 'టు లెట్' బోర్డులు. ఎవరో కొంటెవాళ్ళు ఆ రెండు మాటల మధ్య ఒక ఐ అక్షరం గీసి, ఖాళీ ఆఫీసులన్నింటినీ టాయిలెట్లు చేశారు. ఆ బూడిద రంగు గోడల మీదే ఆ ఏడు తీగ ఒకటి ఎర్రగా మండింది. పెళ్ళిలో ఆడపడుచుకు పెట్టే చీర ఉంటుంది చూడండి, ఆ ఎరుపు. లోపల మనిషి లేని ఆఫీసు, బయట కిటికీల చుట్టూ ఆ అలంకారం. బస్సు దిగి కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను.

వసుంధర కూతురు చరితకు అప్పుడు ఎనిమిదేళ్ళు. డబ్లిన్‌లోనే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ పక్కా ఐరిష్ యాసలో. నేను వెళ్ళగానే ఒక సంచీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందులో ఎర్ర రబ్బరు బూట్లు, వానకోటు, బడిలో ఐరిష్ డాన్సు నేర్చుకునే నల్ల జోళ్ళు ఉన్నాయి.

"ఆంటీ, విల్ యూ కీప్ దీజ్ ఇన్ యువర్ ప్రెస్?" అని అడిగింది. ఇక్కడ అల్మారాను ప్రెస్ అంటారు.

"ఎందుకు బిడ్డా? ఇండియాల వానలు పడయా?"

"టూ హాట్ దేర్. వియ్ విల్ నీడ్ దెమ్ వెన్ వియ్ కమ్ బ్యాక్."

"ఎప్పుడొస్తరు?"

"డోంట్ నో. అమ్మ సెడ్, పోయొస్తం. గో అండ్ కమ్." 'పోయొస్తం' ఒక్కటే అచ్చంగా తెలుగులో అన్నది, వాళ్ళమ్మ గొంతుతో.

తరువాత గర్వంగా ఇంకా చెప్పింది. బడిలో వీడ్కోలు కార్డు చేస్తామంటే వద్దని చెప్పిందట. తన కుర్చీ ఎవరికీ ఇవ్వొద్దని టీచరుకు చెప్పిందట. పక్క ఫ్లాట్‌లో ఉండే ఈఫా ఏడుస్తుంటే, పిచ్చిదానా అని తిట్టిందట. "ఐ డిడ్‌న్ట్ సే బై టు ఎనీవన్, ఆంటీ. వై వుడ్ ఐ, ఇఫ్ ఐ యామ్ కమింగ్ బ్యాక్?"

నేను ఆ సంచీ పట్టుకుని వంటింటి వైపు చూశాను. వసుంధర కుక్కర్‌ను పాత తువ్వాలులో చుడుతోంది. మా మాటలు ఆమెకు వినపడలేదు.

మర్నాడు పొద్దున మేము ముగ్గురం పూల కోసం కొండకు వెళ్ళాం. శాండీఫోర్డ్ వెనకాలే టిక్నాక్ కొండ. అచ్యుత్ కారులో దింపి, అమ్మేయడానికి పెట్టిన బల్లను చూడటానికి ఎవరో వస్తున్నారని తిరిగి వెళ్ళాడు. రాత్రి వాన పడి వెలిసింది. మలుపు తిరగగానే వసుంధర నా చెయ్యి పట్టుకుని గట్టిగా కేక వేసింది.

"అక్కా! తంగేడు!"

కొండవాలు నిండా పసుపు. ఆ రంగును నేనంతకుముందు చాలాసార్లు చూశాను, కానీ అలా చూడలేదు. గోర్స్ అంటారు దాన్ని.

"తంగేడు కాదది. ముండ్లపొద. ఆకు సుత లేదు సూడు, అంతా ముల్లే."

"రంగు సూడక్కా నువ్వు. ఆకు ఎవరికి గావాలె?"

"బతుకమ్మకు ఆకు గావాలె."

"అబ్బా, నీ పరీక్షల ఎవలు పాసయితరే తల్లీ," అంటూ ఆమె కొంగు నడుముకు చెక్కుకుని పొదలోకి చెయ్యి పెట్టింది. వెంటనే "సచ్చిన్నో" అని వెనక్కి తీసుకుంది. వేలి మీద రక్తం చుక్క.

కత్తెరతో కొమ్మలు కత్తిరించి, ముళ్ళ మధ్య నుంచి పూలు గిల్లడం నాకు చాతనయింది. గుప్పెడు పూలు ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా పచ్చికొబ్బరి వాసన. వసుంధర ముక్కు దగ్గర కూడా పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని, "మా నాయనమ్మ కొబ్బరి సద్ది," అన్నది. ఆ తరువాత సంచీ సగం నిండేదాకా ఇద్దరం గిల్లాం. కింద దారి పక్కన చరిత నల్లటి పండ్లు కోసి డబ్బాలో వేసుకుంటోంది. బ్లాక్‌బెర్రీలు అప్పటికే ఆఖరుకొచ్చాయి. ఆ పిల్ల పెదవులు, వేళ్ళు, కోటు చేతులు అన్నీ ఊదారంగే.

"వసుంధరా, పిల్లకేమని చెప్పినవ్?"

"దేని గురించి?"

"మీరు పోయేదాని గురించి."

"గట్లనకక్కా. పోయేది అంటరా ఎవలన్న? పోయొచ్చేది అను."

"గదే అడుగుతున్న. పోయొస్తమని చెప్పినవా దానికి?"

"మరింకేం చెప్తరు? గడప దాటేటోళ్ళు పోతున్నం అంటరా?"

"నీకు నాకు అది మాట వరుస. దానికి అట్ల గాదు. మళ్ళ వస్తమనే అనుకుంటున్నది. బూట్లు నా దగ్గర దాపెట్టింది. ఈఫాకు సుత బై చెప్పలేదట."

వసుంధర చేతిలోని పూలు సంచీలో వేయకుండా అలాగే నిలబడింది. తరువాత తడి బండ మీద కూర్చుంది.

"దుకాణంకు పోయినా పోయొస్త అనే పోయిన. వచ్చిన. దవాఖానకు పోయినా గంతే. అది అడిగేది, 'పోయొస్తవా పోతవా' అని, నవ్వుకుంట. పోయొస్త బిడ్డా అని చెప్పి పోయేదాన్ని. ఇప్పటిదాంక ఒక్కసారి తప్పలే నేను."

"మరి ఇప్పుడు చెప్పాలె గద."

"చెప్త. ఇయ్యాల పండుగ. ఏడిపియ్యబుద్ధి గాదు."

"రేపు ఆదివారం. ఎల్లుండి విమానం. అది దోస్తులకు చెప్పుకోవద్దా?"

"నువ్వు చెప్పరాదక్కా? నువ్వు చెప్తే ఇంటది. చదువుకున్నదానివి, మంచిగ చెప్తవ్."

"నేను చెప్తే నువ్వు ఎన్నడూ చెప్పవు," అన్నాను. కటువుగానే వచ్చింది మాట. "నీ నోటితోని ఇన్న మాట. నీ నోటితోనే చెప్పాలె."

ఆమె చేతిలో మిగిలిన పూలు సంచీలో పోసింది. చరిత డబ్బా ఎత్తి చూపిస్తూ పైకి పరిగెత్తుకొస్తోంది. వసుంధర లేచి చీర వెనక తడి దులుపుకుని నవ్వు తెచ్చుకుంది.

మధ్యాహ్నం మా వంటింట్లో పేర్చాం. హాలోవీన్ పండుగకని గుమ్మడికాయలు అంగళ్ళ ముందు గుట్టలుగా పోశారు కానీ వాటితో ఆకు రాదు, పువ్వు రాదు. అందుకని ఇత్తడి తాంబాళంలో క్యాబేజీ ఆకులు పరిచాను. ముడతలు ముడతలుగా ముదురాకుపచ్చగా ఉండే రకం, బాగానే కుదిరింది. మొదటి వరుస గోర్స్. గునుగు పూలకు బదులు పక్కింటి నొరీన్ తోటలో వెండి కుచ్చుల్లాంటి గడ్డి ఉంటే అడిగి తెచ్చాను. సగం గులాబీ, సగం ఆకుపచ్చ అద్దితే నా సింకు హోలీ ఆడినట్టయింది. నొరీన్ తనంతట తాను హైడ్రాంజియాలు కూడా ఇచ్చింది. వేసవిలో నీలంగా ఉండే ఆ పూలు అప్పటికి ఒక్కో రేకు ఒక్కో రంగుకు తిరిగాయి. కంచె మీది ఫ్యూషా పూలు, రోవన్ చెట్టు ఎర్రటి కాయలు, చివర్న అంగట్లో కొన్న బంతిపూలు. పైన పసుపు గౌరమ్మ.

గుంటూరు నుంచి వచ్చిన లోహిత అప్పుడే లోపలికి వచ్చింది. ఆసుపత్రిలో మా ఆయన హేమచంద్‌తో పనిచేసే డాక్టరు. బతుకమ్మ ఎప్పుడూ ఆడలేదు.

"ఏవండీ కృష్ణవేణిగారూ, అమ్మవారిని క్యాబేజీ మీద కూర్చోబెట్టారేంటండీ? సాయంత్రానికి కూరొండేస్తారా ఏంటి?"

"నీకు దసరాకు కూరగాయలే యాదికొస్తయి," అన్నది వసుంధర. "మాది గిట్ల కూసుండబెట్టి మొక్కే పండుగ."

"మాకూ బొమ్మల కొలువు ఉంటుందమ్మా. మీలాగా తీసుకెళ్ళి ఏట్లో పడేయం."

"పడేసుడు గాదు, సాగదోలుడు. ఆడిబిడ్డను అత్తగారింటికి పంపినట్టు."

నేను ఆ మాటకు వసుంధర వైపు చూశాను. ఆమె రోవన్ కాయల గుత్తిని నిటారుగా నిలబెట్టే పనిలో ఉంది.

నైవేద్యానికి చేసిన సద్దులు బల్ల మీద సర్దాను. నువ్వుల సద్ది, పులిహోర, రొట్టె ముక్కల్లో బెల్లం కలిపిన మలీద. పెరుగన్నం గిన్నె మూత తీసి చూస్తే అది ఊదారంగులో ఉంది. చరిత తన బ్లాక్‌బెర్రీలన్నీ అందులో పిసికి కలిపేసింది. పెరుగన్నం తెల్లగా ఉండాలని చెప్పబోయాను. ఆ పిల్ల చెంచాతో నా నోటికి అందించింది. ఆ రోజు గిన్నె అడుగు కనిపించినది ఆ ఒక్కదానికే.

డాడర్ నది ఒడ్డున పార్కులో ఆడాం. ఆడవాళ్ళం ఆరుగురం, ఒక చిన్నపిల్ల. పట్టుచీరల మీద చలికోట్లు, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు. చుట్టూ బీచ్ చెట్లు రాగి రేకులు రాలుస్తున్నాయి. ఆరుగురితో బతుకమ్మ చుట్టూ వలయం సన్నగా, మనిషికీ మనిషికీ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఖాళీగా ఉంది. పాట నేనే ఎత్తుకున్నాను. వంగి చప్పట్లు, లేచి చప్పట్లు, ఒక అడుగు పక్కకు. లోహిత మొదటి రెండు చుట్లు ఎదురు దిక్కుకు తిరిగి వసుంధర తలకు తల కొట్టించుకుంది. "ఏవమ్మా, మీ ఊళ్ళో సిగ్నల్స్ ఉండవా?" అని ఆమె నుదురు రుద్దుకుంటుంటే అందరం నవ్వాం.

చరిత మొదట రాలేదు. తరువాత వలయంలోకి వచ్చి, చేతులు రెండూ పక్కలకు అతికించుకుని, నడుము వంచకుండా, కాళ్ళతో మాత్రమే టకటకా ఎగరడం మొదలుపెట్టింది. బడిలో నేర్పిన ఐరిష్ డాన్సు అది. మా పాట నడక నిదానం, దాని కాళ్ళు వేగం. అయినా మేము ఒక చప్పట కొట్టేసరికి అది సరిగ్గా నాలుగు అడుగులు వేసి నేల మీద దిగేది. తప్పు దిద్దడానికి నా నోరు తెరుచుకోలేదు. ఆ తరువాత ఏళ్ళలో డబ్లిన్‌లో బతుకమ్మకు హాళ్ళు సరిపోనంత జనం వచ్చారు, హైదరాబాదు నుంచి తంగేడు కూడా పెట్టెల్లో వచ్చింది. ఆ అందరిలో నిలబడి చప్పట్లు కొడుతున్నప్పుడు కూడా, రాగి రంగు ఆకుల మీద ఎగిరిన ఆ రెండు సన్నటి కాళ్ళే నా కళ్ళకు కడతాయి.

ఎండ వంగుతుండగా బతుకమ్మను ఎత్తుకుని నీళ్ళ దగ్గరకు దిగాం. గార్డులు చూస్తే ఏమంటారో అని లోహిత అటూ ఇటూ చూస్తోంది. ఇక్కడ పోలీసులను గార్డులంటారు. క్యాబేజీ ఆకులతో సహా బతుకమ్మను మెల్లగా తాంబాళం నుంచి నీళ్ళ మీదికి జార్చాం. డాడర్‌లో లోతు తక్కువ, రాళ్ళు ఎక్కువ. పసుపు, గులాబీ, ఎరుపు, నీలం ఆ నల్లటి నీళ్ళ మీద ఒక్కసారి గిర్రున తిరిగి ముందుకు సాగాయి.

కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన ఒడ్డున ఆగాడు. పూలను చూశాడు, కోట్ల కింద పట్టుచీరలు కట్టుకుని చేతులు జోడించిన మమ్మల్ని చూశాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"సారీ ఫర్ యువర్ ట్రబుల్," అన్నాడు మెల్లగా.

ఇక్కడ చావింటికి వెళ్ళినవాళ్ళు అనే మాట అది. మేము ఎవరికో కర్మ చేస్తున్నామనుకున్నాడు. మాకంటే ముందు చరిత అందుకుంది.

"నో, నో, నోబడీ డైడ్! షీ ఈజ్ గ్రాండ్. షీ విల్ కమ్ బ్యాక్ నెక్స్ట్ ఇయర్. జస్ట్ లైక్ అస్."

ఆయన నవ్వి, టోపీ పెట్టుకుని, అయితే మంచిదే అని కుక్కను లాక్కుంటూ వెళ్ళాడు. చరిత వాళ్ళమ్మ వైపు తిరిగింది, బాగా చెప్పానా అన్నట్టు. వసుంధర ముఖం చూసి దాని నవ్వు ఆగిపోయింది.

వసుంధర ఆ పిల్ల ముందు గడ్డి మీద మోకాళ్ళ మీద కూర్చుంది.

"చరితా, మనం రాం బిడ్డా."

"వాట్?"

"మళ్ళ రాం ఇక్కడికి. నాన్నకు ఇక్కడ పని లేదు. మన ఇల్లు ఇంక వేరేటోళ్ళది. ఎన్నడన్న సూడనీకి వస్తమేమో. ఉండనీకి రాం."

"నువ్వు పోయొస్తం అన్నావ్." దాని నోట అంత పొడుగు తెలుగు నేనెప్పుడూ వినలేదు.

"అన్న."

"యూ లైడ్."

"అబద్ధం గాదే. గట్లనే అంటరు మనోళ్ళు. వచ్చేటోళ్ళు అంటరు, రానోళ్ళు సుత గదే అంటరు."

"మరి రానివాళ్ళు ఏమనాలి? వాట్ ఈజ్ ద వర్డ్?"

వసుంధర తలెత్తి నా వైపు చూసింది. డిగ్రీలో తెలుగు ప్రధానంగా చదివినదాన్ని నేను. వెతికాను. వీడ్కోలు కార్డుల మీది మాట, గడప దగ్గర ఎవరూ నోటితో అనరు. సెలవు అనేది ఉంది, కానీ అది కూడా తీసుకునేదే, మళ్ళీ తిరిగి చేరడానికే. పోతున్నాం అనేది ఉంది. దాన్ని పిల్లలు అన్నా పెద్దవాళ్ళు నోరు మూస్తారు. ఆ పిల్ల అడిగిన మాట మా ఇళ్ళలో ఎవరూ తయారు చేసి పెట్టలేదు.

"లేదు బిడ్డా," అన్నాను. "మన దగ్గర ఆ మాట లేదు."

అది మమ్మల్నిద్దరినీ నమ్మనట్టు చూసింది. తరువాత ఏడ్చింది. తల్లి దగ్గరకు తీసుకోబోతే తోసేసి, ఒడ్డు వెంబడి బతుకమ్మ పోయిన వైపు పరిగెత్తింది. మేమిద్దరం వెనకాల పరిగెత్తాం.

బతుకమ్మ ఎంతో దూరం పోలేదు. వంతెనకు ఇవతల రెండు రాళ్ళ మధ్య చిక్కుకుంది. గులాబీ రంగు నీళ్ళలో కరిగి, సన్నటి గీతలా పారుతోంది. చరిత నిలబడి దాన్ని చూసింది. బతుకమ్మ కదలనంతసేపూ ఆ పిల్లా కదలలేదు. రాళ్ళ మధ్య అది అలాగే ఉండిపోతే బాగుండునని ఒక క్షణం నాకూ అనిపించింది.

చరిత బూట్లతోనే నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ వరకు కూడా రాని లోతు. వసుంధర పట్టుచీరతో దాని వెనకాలే దిగింది కానీ పట్టుకోలేదు. ఆ పిల్ల వంగి, రెండు చేతులూ క్యాబేజీ ఆకు అంచున పెట్టి, రాళ్ళ మధ్య నుంచి పక్కకు జరిపి, ముందుకు తోసింది.

"బై," అన్నది. ఒక్కసారి చాలలేదు దానికి. ఇక్కడివాళ్ళు ఫోన్ పెట్టేసే ముందు అన్నట్టు, "బై, బై, బై బై బై," అంటూ, గొంతు పూర్తిగా అణిగేదాకా అంటూనే ఉంది. పూలు వంతెన కింది చీకట్లోకి వెళ్ళాయి.

చేతులు కోటుకు తుడుచుకుని తల్లి వైపు తిరిగింది.

"ఈఫా ఇంట్లో ఉంటుందా ఇప్పుడు?"

"ఉంటది."

"టీచర్ ఇల్లు ఎక్కడో నీకు తెలుసా?"

"తెలుసుకుంట."

"ఫస్ట్ ఈఫా," అన్నది చరిత. వసుంధర కుచ్చిళ్ళు పిండుకుని, నీళ్ళు కారుతున్న చెయ్యి చాచింది. పిల్ల ఆ చెయ్యి పట్టుకోలేదు, కొంగు అంచు పట్టుకుంది. ఇద్దరూ ఒడ్డెక్కి కారు ఆపిన వైపు నడిచారు.